సగం చెప్పిన లెక్క

జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. ఇంటర్ రెండో ఏడాది పుస్తకంలో సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు అని రెండు పాఠాలున్నాయి. నాణేలు, పాచికలు, పేకముక్కలు లేకపోతే ఆ పాఠాలకు ఉదాహరణలే దొరకవు. ఏ ముక్క రావడానికి ఎంత అవకాశముందో ఏళ్ల తరబడి బోర్డు మీద చేసి చూపించినవాణ్ణి, ముందు పేకముక్కల మీద, ఆ తరవాత క్రికెట్ మీద ఇల్లు గుల్ల చేశాను. తెలియక దిగాడు పాపం అని మా బంధువులు అంటుంటారు. జాలితో అనే మాట అది, నిజం కాదు. తెలిసే దిగాను. లెక్క రానివాళ్లే జూదంలో మునుగుతారని లోకం అనుకుంటుంది గానీ, లెక్క వచ్చినవాడికి ఇంకో చిక్కుంది. ఓడిన ప్రతిసారీ తనకు తాను చెప్పుకోవడానికి వాడి దగ్గర ఒక లెక్క సిద్ధంగా ఉంటుంది.

మొదలైంది 2020 లాక్‌డౌన్‌లో. ప్రైవేటు లెక్చరర్లకు ఆ వేసవి ఎలా గడిచిందో చెప్పనక్కర్లేదు. కూరగాయల బండి పెట్టుకున్నవాళ్లున్నారు, ఉపాధి హామీ పనికి వెళ్లినవాళ్లున్నారు. నాకు సగం జీతం వచ్చింది, అదీ ఆలస్యంగా. ఇంట్లో కూర్చుని ఫోన్లో రమ్మీ మొదలుపెట్టాను. కొత్త ఆటేం కాదు. పెళ్లిళ్లలో విడిదింట్లో, సంక్రాంతికి ఊళ్లో, మామయ్యల వెనక కూర్చుని నేర్చుకున్నదే. పాయింటు పావలా ఆటలు. ఫుల్ కౌంట్ పడితే ఎనభై పాయింట్లు, అంటే ఇరవై రూపాయలు. ముక్కలు బాగోలేక మొదట్లోనే డ్రాప్ అయితే ఐదు రూపాయలు. మొదటి నెలలో గెలిచాను కూడా. ఆ డబ్బుతో పాపకు సైకిల్ కొన్నాను. ఆ సైకిలే నా కొంప ముంచింది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఆట వచ్చునన్న నమ్మకం గట్టిపడేది.

నన్ను నేను ఒప్పించుకోవడానికి ఒక కోర్టు తీర్పు కూడా పట్టుకున్నాను. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీని నైపుణ్యమే ప్రధానమైన ఆటగా గుర్తించింది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది పట్టాలో ఏది వదలాలో తేల్చుకోవాలి, మూడు ముక్కలాట మాదిరి వట్టి అదృష్టం కాదు అన్నది దాని సారం. లెక్కల మాస్టారికి ఇంతకన్నా ఏం కావాలి? తోటి లెక్చరర్లకు ఫోన్లు చేసి మరీ ఈ తీర్పు వినిపించాను. అదే తీర్పులో, ఆట పెట్టించే ఇల్లు గానీ క్లబ్బు గానీ పందెం ఆట మీద లాభం చేసుకుంటుంటే నేరం కిందికి రావచ్చన్న మాట కూడా ఉంది. అది చాలా ఆలస్యంగా చదివాను. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

చిన్న లెక్క చూడండి. సమానంగా ఆడగలిగిన ఇద్దరు చెరి వెయ్యి రూపాయలతో కూర్చున్నారు. ఆటకు చెరి వంద. గెలిచినవాడికి రెండు వందలు రావాలి, కానీ ఆట నడిపేవాడు నూటికి పది చొప్పున తీసుకుని నూట ఎనభై చేతిలో పెడతాడు. ఆటకు ఇరవై పోతోందన్నమాట. వంద ఆటలయ్యేసరికి పోయింది రెండు వేలు, అంటే ఇద్దరూ కలిసి తెచ్చుకున్నదంతా. ఒకరి మీద ఒకరు గెలవలేదు, ఇద్దరి జేబులూ ఖాళీ. వంద ఆటలంటే విడిదింట్లో ఒక పెళ్లికి సరిపోయి ఇంకా మిగిలేవి. ఫోన్లో అయితే రెండు మూడు రాత్రులు చాలు. నైపుణ్యం ఉన్నా సరే, అది ఎదుటివాడి మీద నెగ్గితే సరిపోదు, ఆ ఇరవై మీద కూడా నెగ్గాలి. ఈ లెక్క చేయడానికి నాకు అర నిమిషం పట్టదు. ఆడుతున్నంత కాలం చేయలేదు.

రమ్మీలో ఇంకో మాయ ఉంది. పన్నెండు ముక్కలు కుదిరిపోయి, ఒక్క ముక్క కోసం చూస్తుండగా అవతలివాడు షో కొడతాడు. ఓడిపోయినట్టు అనిపించదు, గెలుపు గడప దాకా వెళ్లొచ్చినట్టు ఉంటుంది. బొమ్మలు తిరిగే జూదం మెషిన్ల మీద కేంబ్రిడ్జిలో ల్యూక్ క్లార్క్ బృందం చేసిన పరిశోధన ఒకటి 2009లో అచ్చయింది. గెలుపు తృటిలో తప్పినప్పుడు, అది అచ్చంగా ఓటమే అయినా, గెలిచినప్పుడు స్పందించే మెదడు భాగాలే స్పందిస్తాయని, ఇంకా ఆడాలన్న కోరిక పెరుగుతుందని అందులో తేల్చారు. మా మామయ్యలకు ఈ పరిశోధన తెలియదు గానీ విషయం తెలుసు. ఒక్క ముక్కతో పోయిందిరా అనుకుంటూనే తెల్లార్లూ కూర్చునేవాళ్లు. అయితే వాళ్లకు పాలవాడు రాగానే ఆట ఆగేది. ఫోన్లో పాలవాడు రాడు.

బాధ్యతగా ఆడండి అన్న హెచ్చరిక నేను పట్టించుకోలేదనుకోకండి. శ్రద్ధగానే పాటించబోయాను. నెలకు ఇంత మించి వేయకూడదని యాప్‌లో హద్దు పెట్టుకున్నాను. నెల సగంలోనే హద్దు తగిలింది, ఇంకో యాప్ దించుకున్నాను. ఒకసారి నా ఖాతా మూసేయమని కూడా అడిగాను. ఒకటి మూసుకుంటే మిగతావి రమ్మని బోనస్‌లు పంపాయి. బ్రిటన్‌లో గామ్‌స్టాప్ అని ఒక ఏర్పాటుంది. అందులో ఒక్కసారి పేరు రాయించుకుంటే అక్కడ లైసెన్సున్న ఆన్‌లైన్ సంస్థలన్నీ ఆ మనిషిని ఆడనివ్వకూడదు. 2020 ఏప్రిల్ నుంచి అక్కడ క్రెడిట్ కార్డుతో పందెం కాయడమూ కుదరదు. మనకు అలాంటి ఏర్పాటు లేదు. హద్దు పెట్టేది నేను, దాటేది నేను, దాటినట్టు తెలిసేదీ నాకొక్కడికే. ఇంకెవరికీ తెలియని హద్దు హద్దెలా అవుతుందో అప్పట్లో నాకు తోచలేదు.

2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆన్‌లైన్ పందేలను, డబ్బు పెట్టి ఆడే రమ్మీని నిషేధిస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. తెలంగాణలో అప్పటికే 2017 నుంచి నిషేధం ఉంది. మీ రాష్ట్రంలో ఈ ఆట లేదు అని యాప్ తెర మీద కనిపించిన రోజు, నిజం చెప్పొద్దూ, హాయిగా అనిపించింది. ఎవరో నా చెయ్యి పట్టుకుని బయటికి లాగినట్టు. అదే నెలలో దుబాయ్, అబుదాబీ, షార్జాల్లో ఐపీఎల్ మొదలైంది. తెలిసినవాడొకడు వాట్సాప్‌లో ఒక ఐడీ ఇప్పించాడు.

ఐడీ అంటే తెలియనివాళ్లకు చెబుతాను. దొంగ వెబ్‌సైట్లో మన పేరు మీద తెరిచిన ఖాతా. ఏజెంటు అందులో పాయింట్లు వేస్తాడు. మొదట్లో డబ్బు ముందే కట్టాలి, నమ్మకం కుదిరాక అప్పు మీద వేస్తాడు. సోమవారం సోమవారం సెటిల్‌మెంట్. మ్యాచ్ ఎవరు గెలుస్తారన్నది చిన్న పందెం. అసలు పందేలు సెషన్ల మీద, ఓవర్ ఓవర్‌కీ, ఒక్కో బంతికీ. రమ్మీ యాప్‌లో కనీసం మాటవరసకైనా ఒక హద్దుండేది, ఒక హెచ్చరిక ఉండేది. ఇక్కడ ఏజెంటు రాత్రి పూట ఫోన్ చేసి మరీ అడిగేవాడు, సార్, ఇంకో యాభై వేలు పాయింట్లు వేయమంటారా అని. అందరూ నన్ను సార్ అంటారు, అతనూ సార్ అనేవాడు.

అక్కడే నా గుణశ్రేఢి పాఠం నాకు ఎదురు తిరిగింది. ఓడిన ప్రతిసారీ రెట్టింపు పెడుతూ పోతే ఒక్క గెలుపుతో పోయిందంతా వస్తుంది, పైన మొదటి పందెమంత లాభం. కాగితం మీద దీనికి తిరుగులేదు. వంద రూపాయలతో మొదలుపెట్టి వరుసగా పదిసార్లు పోతే పోయిన మొత్తం 1,02,300. పదకొండోసారి పెట్టాల్సింది 1,02,400. ఇంతా చేసి గెలిస్తే మిగిలేది వంద. ఇది పిల్లలకు హోంవర్కుగా ఇవ్వదగ్గ లెక్క. నేను దీన్ని నా జీతం మీద చేశాను. మా ఆవిడ గాజులు గోల్డ్ లోన్ ఆఫీసుకు వెళ్లాయి. కాలేజీ వాళ్లు జీతం నిలిపేశారని చెప్పాను. అది ఆమెకు నమ్మదగ్గ మాట, ఎందుకంటే అంతకు ముందు అలా నిజంగానే జరిగింది.

2021లో అన్నయ్యకు తెలిసింది. ఎలాగన్నది పెద్ద కథ, వదిలేస్తాను. అన్నయ్యది మిర్చి సేద్యం. ఆ ఏడాది ధర పెరుగుతుందని టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో ఉంచాడు. అవి అప్పటికప్పుడు అమ్మేసి డబ్బు తెచ్చి నా ముందు పెట్టాడు.

“ఎంతుందో మొత్తం చెప్పరా, ఒక్కసారే కట్టేద్దాం” అన్నాడు.

గోల్డ్ లోను చెప్పాను. బ్యాంకు పర్సనల్ లోను చెప్పాను. స్నేహితుల దగ్గర చేబదుళ్లు చెప్పాను. ఏజెంటు బాకీ, ఒక క్రెడిట్ కార్డు చెప్పలేదు. అప్పటికే చెప్పిన మొత్తానికి అన్నయ్య మొహం చూడలేకపోయాను. ఇంకో మూడో వంతు ఉందని ఏ నోటితో చెప్పను? అది జీతంలోంచి మెల్లగా తీర్చుకుంటానులే అనుకున్నాను. అమ్మ మీద ఒట్టేశాను. వదిన కళ్లు తుడుచుకుంటూ అన్నం పెట్టింది. అందరం అయిపోయిందనుకున్నాం. ఆ ఒట్టు నేను మోసం చేద్దామని వేయలేదు, మనస్ఫూర్తిగానే వేశాను. ఈ సంగతి ఇప్పటికీ ఎవరూ నమ్మరు.

మా కుటుంబంలో జరిగిన పొరపాట్లలో పెద్దది ఆ మధ్యాహ్నమే జరిగిందని నా అభిప్రాయం. అన్నయ్యది కాదు తప్పు, నాదే. దాచిన మూడో వంతు నాతోనే ఇంటికొచ్చింది. జీతంలోంచి తీర్చబోతే మా ఆవిడ అడుగుతుంది, డబ్బు ఎటు పోతోందని. కాబట్టి జీతం ముట్టకుండా తీర్చాలి. జీతం ముట్టకుండా అంత డబ్బు వచ్చే చోటు నాకు ఒక్కటే తెలుసు. పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలి అనేవారు మా ఊరి పేకాటరాయుళ్లు. మళ్లీ ఆడింది సరదాకు కాదు, ఆశకు కూడా కాదు. దాచింది బయటపడకుండా ఉండటానికి.

ఈ సందర్భంలో నాకు ధర్మరాజు గుర్తొస్తాడు. జూదం అనగానే అందరూ ద్రౌపదిని ఒడ్డిన మొదటి ఆట గురించే మాట్లాడతారు. నాకు మాత్రం రెండోదే భయం పుట్టిస్తుంది. ద్రౌపదికిచ్చిన వరాలతో ధృతరాష్ట్రుడు అందరినీ విడిచిపెట్టాడు, ఓడిన రాజ్యమూ సంపదా తిరిగి ఇచ్చేశాడు. ఇంద్రప్రస్థానికి బయలుదేరి వెళ్తూ దారిలో ఉన్నారు. మళ్లీ రమ్మని కబురొచ్చింది. ధర్మరాజు వెనక్కి తిరిగి వెళ్లి కూర్చున్నాడు. పన్నెండేళ్ల అరణ్యవాసం, ఏడాది అజ్ఞాతవాసం ఆ రెండో ఆటలో ఓడి తెచ్చుకున్నవి. ఆ అజ్ఞాతవాసంలోనైనా చేసిందేమిటి? కంకుభట్టు పేరుతో విరాటరాజుకు పాచికల తోడు. పోయిందంతా చేతికొచ్చినంత మాత్రాన ఆటగాడు మారడని వ్యాసుడికి తెలుసు. మా అన్నయ్యకు తెలియదు, నాకూ తెలియదు.

తరవాతి రెండేళ్లు వివరంగా రాయడానికి ఏమీ లేదు. కాలేజీలో ఒకాయన నడిపే చీటీ పాడేశాను. లోన్ యాపుల్లో తీసుకున్నాను, ఒకదాని బాకీకి ఇంకొకటి. 2023 ఐపీఎల్ నడుస్తుండగా ఒక లోన్ యాప్ మనిషి నా ఫోన్లోని నంబర్లన్నిటికీ నా ఫొటో పంపాడు. ప్రిన్సిపాల్‌కి వెళ్లింది, నా పాత విద్యార్థులకు వెళ్లింది, మా ఆవిడకు వెళ్లింది. అప్పిచ్చే యాపులు ఫోన్లోని నంబర్ల జాబితా, ఫొటోలు ముట్టకూడదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులోనే మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని ఖాతరు చేయని దొంగ యాపులే నాలాంటి వాళ్లకు అప్పిస్తాయి. సైబర్ నేరాలకు 1930 నంబరుందని అప్పుడే తెలిసింది.

మా ఆవిడ చదివింది పదో తరగతి. ఇంటి ఖర్చు పాల ప్యాకెట్‌తో సహా ఒక పాత డైరీలో రాస్తుంది. ఆ రాత్రి ఏడ్చింది, అరిచింది, అవి ఆవిడ హక్కు. తెల్లారి మాత్రం అన్నయ్యకు ఫోన్ చేయనివ్వలేదు.

“మీరు చెప్పేది నాకొద్దండీ. అప్పులన్నీ కనపడే కాగితమేదో ఉంటుందంట కదా, అది తీయించండి” అంది.

క్రెడిట్ రిపోర్టు సంగతి ఆవిడకు డ్వాక్రా సంఘం లోను తీసుకున్నప్పుడు తెలిసింది. సిబిల్ లాంటి ప్రతి సంస్థా ఏడాదికొక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అందులో బ్యాంకులు, కార్డులు, రిజిస్టరైన సంస్థల అప్పులు తేదీలతో సహా ఉన్నాయి. నేను మరిచిపోయినవి కూడా. చేబదుళ్లు, చీటీ, ఏజెంటు బాకీ, దొంగ యాపులు అందులో ఉండవు. వాటిని ఆవిడ అడుగుతుంటే నేను చెప్పాను, డైరీలో రాసుకుంది. ఒక్కొక్కటి చెబుతుంటే గొంతు పట్టేసింది. అయ్యాక డైరీ మూయకుండా ఇంకా, ఇంకా అని అడిగింది. ఆ రెండో ‘ఇంకా’కు ఒకటి బయటికొచ్చింది. మా అన్నయ్య అడగనిది అదే.

పందెం బాకీని కోర్టులో వసూలు చేసుకోవడానికి వీల్లేదని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ చెబుతుంది. ఏజెంటుకు కోర్టెందుకు? మా కాలేజీ గేటు ఎక్కడో తెలుసు, చాలు. అతనితో మాట్లాడింది మా బావమరిది, వకీలు గుమస్తా. బెదిరిస్తే పోలీసు స్టేషన్లోనే కలుద్దామని చెప్పాక అతను తగ్గాడు. అందరికీ ఇలా తేలిగ్గా తేలకపోవచ్చు.

14416కి ఫోన్ చేసింది కూడా మా ఆవిడే. టెలీ మానస్ అంటారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడతారు. ఇది పిచ్చివాళ్లకు కదా అని నేను గొణిగాను. అవతలివాళ్లు మాట విని, పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగానికి రమ్మన్నారు. నాకు వైద్యం కన్నా ముందు కేసు భయం. రాష్ట్ర చట్టంలో ఆడినవాడికి కూడా జైలు ఉంది. డాక్టరుకు చెబితే పోలీసులకు చేరుతుందేమో! చికిత్స కోసం వచ్చిన మనిషి వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే రాసి ఉందని డాక్టరు మొదటే చెప్పారు. నాలాగా అడిగినవాళ్లు చాలామంది ఉండి ఉంటారు.

రోజూ ఏ మందులు వాడుతున్నారని అడిగారు. సంబంధం ఏమిటో అర్థం కాలేదు. పార్కిన్సన్ జబ్బుకు వాడే కొన్ని మందుల వల్ల అంతకు ముందు పేక ముట్టనివాళ్లు కూడా జూదానికి ఎగబడటం ఉందట. నాకు బీపీ మాత్ర తప్ప ఏమీ లేదు, ఆ సాకు కూడా దొరకలేదు. చచ్చిపోవాలని అనిపించిందా అని కూడా సూటిగానే అడిగారు. అనిపించింది. మా ఆవిడ ఉలిక్కిపడింది. జూదంలో అప్పులపాలైనవాళ్లకు ఈ ఆలోచన రావడం అరుదేం కాదని, అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదని, ఇంట్లోవాళ్లు అడగాల్సిన ప్రశ్నే అదని ఆవిడకు నచ్చజెప్పారు. కొన్ని వారాలు నన్ను ఒంటరిగా ఉండనివ్వలేదు.

జూదాన్ని వైద్యులు ఒకప్పుడు మనసును అదుపు చేసుకోలేని లోపాల కింద లెక్కేసేవారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన పుస్తకంలో దాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల పక్కకు మార్చింది. తొమ్మిది లక్షణాలిచ్చి, ఏడాదిలో నాలుగు కనిపిస్తే జబ్బుగా గుర్తించాలంది. పందెం పెంచుకుంటూ పోవడం, ఆపితే చిరాకు, పోయింది రాబట్టడానికి ఇంకో రోజు మళ్లీ వెళ్లడం, ఎంత ఆడిందీ దాచడం. ఇవన్నీ ఒప్పుకోవడానికి నాకేం కష్టం కలగలేదు. కష్టమైంది ఇంకొకటి: జూదం తెచ్చిన ఇబ్బందిలోంచి బయటపడటానికి డబ్బు కోసం ఇతరుల మీద ఆధారపడటం. అన్నయ్య మిర్చి అమ్మి తెచ్చిన డబ్బును మేం వైద్యం అనుకున్నాం. అది పుస్తకంలో రోగలక్షణాల వరసలో ఉంది.

జూదం మాన్పించడానికంటూ ఆమోదం పొందిన మాత్ర లేదు. నిద్రకు, దిగులుకు మందిచ్చారు. మిగతాదంతా మాటలతో చేసే చికిత్స: ఎప్పుడు చెయ్యి ఫోన్ మీదికి పోతోంది, దానికి ముందు ఏం జరిగింది, అప్పుడు మనసులో ఏ మాట మెదిలింది, ఆ మాట నిజమేనా అని వారం వారం రాయించడం. లెక్కల మాస్టారు అచ్చు గుద్దినట్టు రాసేవాడు. నాకు ప్రమాదమైన సమయాలు రెండు కనిపెట్టారు. ఒకటి జీతం పడిన రాత్రి. ఇంకొకటి, నేను ఊహించనిది, ఎవరైనా నన్ను మెచ్చుకున్న రోజు.

డబ్బు ఏర్పాట్లు చాలా మొరటుగా చేశాం. జీతం పడగానే మా ఆవిడ ఖాతాకు వెళ్లిపోయేలా బ్యాంకులో రాసిచ్చాను. యూపీఐ తీసేశాం. మీటల ఫోన్ కొనుక్కున్నాను. పాఠాల వీడియోలకు కాలేజీ ట్యాబ్ వాడుకుంటున్నాను. రోజూ బస్సుకు, టీకి డబ్బు లెక్కపెట్టి ఇస్తుంది. నలభై దాటిన మగాడికి ఇది నామోషీగా ఉండదా అని తోటి లెక్చరర్ అడిగాడు. ఉంటుంది. యాప్‌లో పెట్టుకున్న హద్దు నేను దాటింది అది నామోషీ లేని హద్దు కావడం వల్లే.

మళ్లీ ఆడలేదా అంటే, ఆడాను. 2023 నవంబరులో, వరల్డ్ కప్ ఫైనల్ రోజున, ఇంకొకరి ఫోన్లోంచి. చిన్న మొత్తమే. ఆ రాత్రే మా ఆవిడను లేపి చెప్పాను. ఆవిడ లైటు వేసి డైరీలో రాసుకుని, ఎవరి ఫోనో అడిగి, మళ్లీ పడుకుంది. డాక్టరు దాన్ని నేను భయపడినంత పెద్దదిగా తీసుకోలేదు. ఆ స్నేహితుడితో మ్యాచ్‌లు చూడటం మానేయమన్నారు, అంతే.

2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. నైపుణ్యమా అదృష్టమా అన్న తేడా అందులో లేదు. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేసేవాళ్లకూ శిక్షే. ఆడేవాణ్ణి ఆ చట్టం శిక్షించదు. దానికి కొన్ని నెలల ముందే హైదరాబాద్‌లో బెట్టింగ్ యాపులకు ప్రచారం చేసిన సినిమావాళ్ల మీద, యూట్యూబర్ల మీద పోలీసులు కేసులు పెట్టారు. మంచిదే. టీవీ పెడితే మా పాపకు ఆ ప్రకటనలు కనపడవు. కానీ 2020లో రాష్ట్ర నిషేధం వచ్చిన వారంలోనే నాకు ఐడీ దొరికింది. ముందు తలుపు మూసినప్పుడు, అప్పటికే లోపల ఉన్నవాళ్లను ఎవరు బయటికి తీసుకొస్తారన్నది వేరే పని. ఆ పనికి ఆసుపత్రుల్లో మనుషులు కావాలి. మా జిల్లా ఓపీలో ఎంత పెద్ద వరస ఉంటుందో నిలబడ్డాను కాబట్టి చెబుతున్నాను.

అన్నయ్యకు నెలకింత అని కడుతున్నాను. దాచిన మూడో వంతు సంగతి ఆయనకు చెప్పింది నేనే, మా ఆవిడ పక్కన కూర్చుంటే. చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత, “నేనే ఇంకోసారి అడగాల్సిందిరా” అన్నాడు. వదిన మాత్రం ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటుంది. ఆ ఏడాది మిర్చి ధర తరవాత ఎంతకు పోయిందో ఆవిడకు తెలుసు.

మొన్న మా కాలేజీలో ఫిజిక్స్ చెప్పే కుర్రాడు నన్ను మెట్ల దగ్గర ఆపి, వాళ్లమ్మకు ఆపరేషన్ ఉంది, ముప్పై వేలు సర్దుతారా సార్ అన్నాడు. ఏ ఆసుపత్రి అంటే కాస్త తడబడ్డాడు. ఆ తడబాటు నాకు తెలుసు. మా ఆవిడను అడగాలి, డబ్బు నేరుగా ఆసుపత్రి కౌంటర్లోనే కడతాం అన్నాను. మొహం మాడ్చుకుని, మీ సంగతి అందరికీ తెలుసులెండి అని వెళ్లిపోయాడు. అతని భార్య నంబరు నా దగ్గర లేదు. మా ఆవిడ దగ్గర ఉంది, ఇద్దరూ ఒకే స్కూలు బస్సు దగ్గర పిల్లల్ని ఎక్కిస్తారు. ఏం చెప్పిందో నేను అడగలేదు. ఆ అమ్మాయి వారం తరవాత ఇంటికొచ్చింది, ఆయనకు తెలియకుండా. ఎంత ఉందంటా అని మా ఆవిడ అడిగితే ఒక అంకె చెప్పింది. అతను చెప్పిన అంకె. అప్పు తీర్చడానికి వాళ్ల నాన్న పొలం బేరం పెట్టారని కూడా చెప్పింది. బేరం ఒక నెల ఆపమంది మా ఆవిడ. ముందు 14416కి చేసి, ఆ తరవాత ఇద్దరూ కలిసే ఆసుపత్రికి వెళ్లమంది. ఓపీ చీటీ పొద్దున్నే రాయించుకోవాలని, క్రెడిట్ రిపోర్టు తీయించి పట్టుకెళ్లమని నేను చెప్పాను. ఏ వెబ్‌సైట్లో తీయించాలో మా ఆవిడ తన డైరీలోంచి చూసి రాసిచ్చింది.